దూరపు కొనుగోలుదారు ఫిర్యాదు – చిన్న విక్రేత బాధ్యతలు, హక్కులు

సంతలో చీర కొనే ఇల్లాలు అంచును వేళ్ల మధ్య నలిపి చూస్తుంది. మడత విప్పి వెలుతురుకు పట్టి చూస్తుంది. రంగు నిలుస్తుందా అని రెండుసార్లు అడుగుతుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే లేచి పక్క దుకాణానికి వెళ్లిపోతుంది. ఫిర్యాదుకు కారణం కాగల విషయాలలో అధిక భాగం డబ్బు చేతులు మారకముందే అక్కడ తేలిపోతాయి. ఆన్‌లైన్ విపణిలో ఈ క్రమం తలకిందులవుతుంది. డబ్బు ముందు చెల్లుతుంది. పరీక్ష తరువాత జరుగుతుంది. సంతలో అయిదు నిమిషాలలో ముగిసే పరీక్ష ఇక్కడ వారం పదిరోజుల పిమ్మట, వేరొక రాష్ట్రంలో, విక్రేత కంటికి కనిపించని ఇంటిలో జరుగుతుంది. ఆ పరీక్షలో వస్తువు నెగ్గకపోతే వచ్చే ఉత్తరమే ఫిర్యాదు. దానిని తిట్టుగా భావించే విక్రేత తొందరపడి నష్టపోతాడు. వాయిదా పడిన బేరంగా గ్రహించినవాడు నిదానంగా జవాబు చెప్పగలుగుతాడు.

ఉదాహరణకు, యాదాద్రి భువనగిరి జిల్లాలోని భూదాన్ పోచంపల్లిలో నాలుగైదు మగ్గాల నుంచి చీరలు సేకరించి ఒక ఆన్‌లైన్ విపణి ద్వారా అమ్మే చిన్న విక్రేతను ఊహించుకోవచ్చు. అతనికి దుకాణం లేదు. ఇంటి ముందు గదిలో ఒక బల్ల, తూకపు యంత్రం, చేతిలో ఫోను, ఇవే అతని సరంజామా. అతని చీర గువాహటికి, జోధ్‌పూర్‌కు, పాట్నాకు వెళుతుంది. నిన్నటి వరకు దళారి చేతి మీదుగా తప్ప పొరుగు జిల్లాకు కూడా చేరని సరుకు నేడు దేశమంతటా నేరుగా వెళ్లడం సామాన్యమైన మార్పు కాదు. అయితే దానితోపాటు ఆ దేశమంతటి నుంచి ఫిర్యాదులు కూడా నేరుగా అతని గుమ్మానికే వస్తాయి.

ఈ చిక్కు పూర్తిగా కొత్తదని అనుకోనక్కరలేదు. తపాలా శాఖవారి వి.పి.పి. పద్ధతిలో పుస్తకాలు, ఔషధాలు, గడియారాలు తెప్పించుకున్న తరం ఇంకా మన మధ్య ఉంది. పార్సెలు ఇంటికి వచ్చినప్పుడు తపాలా జవానుకు సొమ్ము చెల్లించి తీసుకునేవారు; అక్కరలేదంటే అది పంపినవారికి తిరిగి పోయేది, రాకపోకల ఖర్చు పంపినవారి నెత్తిన పడేది. నేటి ‘క్యాష్ ఆన్ డెలివరీ’ ఆ పద్ధతికి వారసురాలే. మారినవి వేగమూ, సంఖ్యా, చట్టమూ.

చట్టం చెప్పేది

మన దేశంలో మొదటి వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019లో కొత్త చట్టం రూపొందింది. దాని కింద 2020 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఇ-కామర్స్ నియమాలను ప్రకటించింది. వీటిలో బాధ్యతలన్నీ పెద్ద కంపెనీలకే గాని తనకు కాదని చిన్న విక్రేత తరచు భావిస్తాడు. అది పొరపాటు. విపణి నడిపే సంస్థకు వేరుగా, అందులో అమ్మే విక్రేతకు వేరుగా ఆ నియమాలు విధులు నిర్దేశించాయి.

విక్రేతకు సంబంధించిన వాటిలో ముఖ్యమైనది ఇది. వస్తువు లోపభూయిష్టమైనా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు దానికి లేకపోయినా, చెప్పిన గడువు దాటి ఆలస్యంగా చేరినా దానిని వెనక్కు తీసుకోననడానికి గాని, సొమ్ము వాపసు చేయననడానికి గాని వీలు లేదు. వరదలవంటి మానవాతీత కారణాల వలన జరిగిన ఆలస్యానికి మాత్రం మినహాయింపు ఉంది. విక్రేత తన తరఫున ఫిర్యాదుల అధికారి ఒకరిని నియమించాలి. చిన్న వ్యాపారంలో ఆ పని విక్రేతో, ఇంట్లో మరొకరో చూసుకుంటారు. ఆ వ్యక్తి పేరు, హోదా, ఫోను నంబరు కొనుగోలుదారుకు తెలియాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేసి, నెలలోపల దానిని పరిష్కరించాలి. వస్తువు వాపసు, మార్పిడి షరతులు, తిరుగు రవాణా ఖర్చు ఎవరిదన్న విషయం ముందే స్పష్టంగా ప్రకటించాలి.

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న అట్టముక్క మన బజారులలో దశాబ్దాలపాటు వేలాడింది. చీటీ మీద ఆ మాట అచ్చువేయించినంత మాత్రాన లోపమున్న సరుకు విషయంలో బాధ్యత తప్పదు. బిల్లులో చెప్పిన గడువులోపల, అట్టి గడువేదీ చెప్పకపోతే 30 రోజులలోపల, లోపభూయిష్టమైన సరుకును వెనక్కు తీసుకుని సొమ్ము ఇవ్వకపోవడాన్ని 2019 చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొన్నది. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ కోవలోనిదే.

అదే సమయంలో నియమాలు చెప్పని విషయమొకటి ఉంది. లోపం లేని, వర్ణనకు సరిపోయిన, సకాలంలో చేరిన వస్తువును కొనుగోలుదారు మనసు మార్చుకున్నంత మాత్రాన వెనక్కు తీసుకోవాలని పై నిబంధనలో లేదు. అట్టి వెసులుబాటు చాలా విపణులు ఇస్తున్నాయి. కాని అది చట్టం ఇచ్చినది కాదు, ఆ విపణితో విక్రేత చేసుకున్న ఒప్పందం ఇచ్చినది. కనుక ఆ ఒప్పందాన్ని చదవకుండా వ్యాపారంలో దిగడం తెలివితక్కువ. ఎన్ని రోజుల వాపసు గడువు, ఏ వస్తువులకు వర్తించదు, తిరిగి వచ్చిన సరుకు చెడిపోయి ఉంటే ఎన్ని గంటలలో విపణికి తెలియజేయాలి – ఈ మూడింటిని కాగితం మీద రాసి బల్ల ముందు గోడకు అంటించుకున్న విక్రేత చాలా తగవులు తప్పించుకుంటాడు.

వర్ణనలో పుట్టే ఫిర్యాదు

ఫిర్యాదులలో గట్టివి చాలా వరకు పార్సెలులో కాక వర్ణనలో పుడతాయి. ఇక్కత్ చీరనే తీసుకుంటే, నేయకముందే నూలును లెక్క ప్రకారం కట్టి, రంగులో ముంచి, కట్లు విప్పి, ఆ పిదప మగ్గం మీద బొమ్మను కలుపుతారు. పడుగు, పేకలలోని రంగు పోగులు వెంట్రుకవాసి అటూఇటూ జరగడం వలన బొమ్మ అంచులు కొద్దిగా చెదిరినట్లు కనిపిస్తాయి. ఆ చెదురే చేతి పనికి గుర్తు. అచ్చు గుడ్డలో అది ఉండదు. ఈ సంగతి నల్లగొండ పల్లెలలో పిల్లలకు సైతం తెలుసు. జోధ్‌పూర్‌లో మొదటిసారి ఇక్కత్ కొన్నవారికి తెలియకపోవచ్చు. ‘అచ్చు సరిగా పడలేదు, నాసిరకం పంపారు’ అని ఆమె రాస్తే ఆ తప్పు ఆమెది కాదు. బొమ్మ అంచు దగ్గర నుంచి తీసిన ఛాయాచిత్రమొకటి, దాని కింద రెండు వాక్యాలు ముందే పెట్టి ఉంటే ఆ ఉత్తరం వచ్చేది కాదు.

రంగుల విషయం ఇంకా సున్నితం. ఒకే చీర ఒక ఫోనులో ముదురుగా, మరొక ఫోనులో లేతగా కనిపిస్తుంది. విద్యుద్దీపం కింద తీసిన చిత్రంలో పసుపు ఛాయ పెరుగుతుంది. ఉదయపు వెలుతురులో, నీడ పట్టున, తెల్లని గోడ ముందు తీసిన చిత్రం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. చిత్రానికి తోడు రంగును మాటలలో కూడా చెప్పడం మంచిది. వంగపండు రంగు అని తెలుగువారు చెప్పేదానిని హిందీవారు బైంగనీ అంటారు. అదీ వంకాయ పేరు మీద వచ్చినదే. నెమలి కంఠం, చిలకాకుపచ్చ, ఇటుక రంగు – ఇట్టి పేర్లు దేశంలో ఎక్కడైనా మనసుకు తడతాయి. ‘ఆకర్షణీయమైన రాయల్ షేడ్’ అన్నందువలన ఎవరికీ ఏదీ తెలియదు.

చీర పొడవు, రవికె గుడ్డ ఉందా లేదా, నూలా పట్టా లేక రెండూ కలిసినవా, మొదటి ఉతుకులో రంగు కొంత దిగుతుందా, వేరుగా ఉతకాలా – ఇవన్నీ రాయాలి. వర్ణనలు, చిత్రాలు వస్తువు రూపానికి, నాణ్యానికి నేరుగా సరిపోతాయని విక్రేతల నుంచి విపణి హామీ పత్రం తీసుకోవాలని 2020 నియమాలు నిర్దేశించాయి. కనుక ఇది మర్యాద మాత్రమే కాదు, రాసి ఇచ్చిన మాట. మరమగ్గం గుడ్డకు చేనేత అని పేరు పెట్టి అమ్మితే అది వర్ణన దోషం కాదు, మోసం. అట్టి ఫిర్యాదుకు సమాధానం చెప్పే ఉపాయాలేవీ ఈ వ్యాసంలో లేవు.

మొదటి జవాబు

ఫిర్యాదు చదవగానే రాసే జవాబు, మరునాడు రాసే జవాబు ఒకే రకంగా ఉండవు. అయినా మరునాటి వరకు మౌనంగా ఉండడం మంచిది కాదు. మౌనాన్ని కొనుగోలుదారు పలాయనంగా అర్థం చేసుకుంటాడు. అందినట్లు తెలిపే రెండు పంక్తులు వెంటనే, నిర్ణయం ఆలోచించి – ఇది అనుసరణీయమైన పద్ధతి. ‘మా సరుకులో ఎప్పుడూ లోపం ఉండదు’, ‘ఇంతవరకు ఎవరూ ఇలా అనలేదు’ అనే మాటలు ఏ భాషలోనైనా అగ్గికి ఆజ్యమే. వాటికి బదులు ఈ విధంగా రాయవచ్చు:

“నమస్కారమండి. పల్లు దగ్గర ఎరుపు రంగు తెల్లని గళ్లలోకి దిగిందని మీరు రాసినది, పంపిన చిత్రం అందాయి. మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి. చీరను ఉతికారా, లేక విప్పగానే ఇలా ఉందా? వెలుతురులో తీసిన చిత్రం మరొకటి, చీరకు కట్టిన చీటీ చిత్రం పంపగలరా? అవి అందిన మరునాటి లోపల వాపసు విషయం తెలియజేస్తాము. తిరుగు రవాణాకు మీరు ఏమీ చెల్లించనక్కరలేదు.”

ఈ ఉత్తరంలో తప్పు ఒప్పుకోవడం లేదు, తోసిపుచ్చడమూ లేదు. ఏమి జరిగిందో ఆయన మాటలలోనే తిరిగి చెప్పడం వలన ఉత్తరం చదివారన్న నమ్మకం కలుగుతుంది. అడిగిన ప్రశ్న ఒకటే, కాని నిర్ణయమంతా దాని మీదనే ఆధారపడి ఉంది. గడువు చెప్పడం జరిగింది. చెప్పిన గడువు తప్పకూడదు. సంభాషణ అంతా విపణి వారి సందేశాల పెట్టెలోనే సాగాలి. ఫోనులో ఎంత మంచిగా మాట్లాడుకున్నా, సారాంశాన్ని అక్కడ మరల రాసి ఉంచాలి. రేపు తగవు వస్తే మధ్యవర్తికి కనిపించేది ఆ పెట్టెలోని రాత మాత్రమే.

విచారం, విచార్, అవసర్

హిందీలో వచ్చిన ఫిర్యాదును ఫోనులోని అనువాద సాధనంతో చదువుకుని, తెలుగులో జవాబు రాసి, దానిని మరల హిందీలోకి మార్చి పంపడం నేడు మామూలైంది. చాలా వరకు పని జరుగుతుంది. జరగనిచోట మాత్రం చిక్కు పెద్దది. ఎందుకంటే తెలుగు, హిందీ భాషలలో రూపం ఒక్కటై అర్థం వేరైన సంస్కృత పదాలు అనేకం ఉన్నాయి. ‘జరిగినదానికి విచారిస్తున్నాము’ అని తెలుగు విక్రేత మర్యాదగా రాస్తాడు. ఆ మాట విచార్ అయి అవతలికి చేరితే అర్థం ‘ఆలోచిస్తున్నాము’ అని. క్షమాపణ కోరినవాడు నిర్ణయం నానబెడుతున్నవాడుగా కనిపిస్తాడు. హిందీలో అవసర్ అంటే అవకాశం. ‘ఏక్ అవసర్’ ఇస్తానని కొనుగోలుదారు ఉదారంగా రాస్తే, తనకేదో అవసరం ఉందంటున్నాడని తెలుగు విక్రేత తబ్బిబ్బవుతాడు. దాగ్ అంటే మరక. చీర మీద దాగ్ ఉందన్నవారు దానిలో ఏదో దాగి ఉందనడం లేదు. అభిమానం తెలుగులో ప్రీతి. హిందీలో ఆ మాటకు గర్వమనే అర్థం ముందు తోస్తుంది. ‘మా మీద అభిమానం ఉంచండి’ అని ముగించిన ఉత్తరం ఎట్లా వినిపిస్తుందో ఊహించుకోవచ్చు.

రంగు గురించిన ఫిర్యాదులో ఈ జాగ్రత్త డబ్బుతో ముడిపడినది. రంగ్ ఛూట్‌నా అంటే రంగు దిగి పక్క గుడ్డకు అంటుకోవడం. రంగ్ ఫీకా పడ్‌నా అంటే వెలిసిపోవడం. రంగ్ అలగ్ హోనా అంటే చిత్రంలో చూపిన రంగు వేరు, వచ్చినది వేరు అని. మొదటిది అద్దకం పనిలోని లోపం కావచ్చు. రెండవది ఎండలో ఆరవేయడం వలన కూడా కలగవచ్చు. మూడవది వర్ణన దోషం. సాధనం ఈ మూడింటినీ ‘రంగు సమస్య’ అని ఒక్క మాటలో తేల్చివేస్తే విక్రేత తప్పుడు ప్రశ్న అడుగుతాడు. సందేహం కలిగినప్పుడు ఊరిలో హిందీ తెలిసిన బడిపంతులునో, కళాశాల విద్యార్థినో అడగడంలో చిన్నతనం లేదు. వాక్యాలు పొట్టిగా, మాటలు తేలికగా రాస్తే సాధనం కూడా తక్కువ తప్పులు చేస్తుంది. మరొక విశేషం ఏమంటే, ఈ వ్యవహారానికి అత్యవసరమైన మాటలు మాత్రం ఉభయ భాషలలో ఒకటే. ఫిర్యాదు, వాపసు, రశీదు, జమ, ఖర్చు – పారశీ, అరబ్బీల నుంచి వచ్చి దేశమంతటా బజారులలో స్థిరపడిన ఈ మాటలు గువాహటి నుంచి గుంటూరు వరకు వర్తకులకు పరిచితమే.

లెక్క చూడవలసిన చోటు

వాపసు అనగానే విక్రేత గుండె ఎందుకు కలుక్కుమంటుందో లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక చీరను 3,200 రూపాయలకు అమ్మారనుకుందాం. నేతగానికి చెల్లించినది 2,500. విపణి రుసుములు 250. పెట్టె, రవాణా 150. మిగిలేది 300. చీర చెడకుండా తిరిగి వచ్చి, విపణి తన రుసుములను వదులుకున్నదనుకున్నా, పోయిన రవాణా 150, వచ్చిన రవాణా 150 కలిసి 300 నష్టం. అంటే ఒక వాపసు మరొక అమ్మకపు మిగులును పూర్తిగా తినివేస్తుంది. చీర మరకపడి, మరల అమ్మడానికి పనికిరాకుండా వస్తే నష్టం 2,800. తొమ్మిది చీరలు అమ్మినా అది పూడదు. ఈ అంకెలు ఊహించినవే. ఎవరి అంకెలు వారు వేసుకోవచ్చు. నిష్పత్తి మాత్రం ఎవరికైనా ఇంచుమించు ఇట్లాగే బాధిస్తుంది.

ఈ లెక్కలోనే ఒక మార్గమూ ఉంది. లోపం చిన్నదై, కొనుగోలుదారు చీర ఉంచుకోవడానికి ఇష్టపడితే, ధరలో 300 వరకు తగ్గించి ఇచ్చినా వాపసు కంటె ఎక్కువ నష్టం రాదు. అంచులో ఒక పోగు తెగినందుకు చీర రెండువేల కిలోమీటర్లు వెనక్కు ప్రయాణించడం ఎవరికీ లాభం కాదు. అయితే ఇది అడగదగినది, ఒత్తిడి చేయదగినది కాదు. పూర్తి వాపసు కోరే హక్కు ఉన్నవారికి ఆ సంగతి దాచి, తగ్గింపు ఒక్కటే దారి అన్నట్లు చెప్పడం అన్యాయం. మంచి సమీక్ష రాస్తేనే సొమ్ము ఇస్తామనడం అంతకంటె హీనం. విక్రేత తానే వినియోగదారు వేషం వేసుకుని సమీక్షలు రాయడాన్ని 2020 నియమాలు నేరుగా నిషేధించాయి.

వచ్చిన పార్సెలు విప్పేటప్పుడు

కొనుగోలుదారులందరూ సత్యసంధులు కారు, విక్రేతలందరూ కానట్లే. పెళ్లికి కట్టి మరునాడు పంపివేసిన చీర, కొత్త చీర పెట్టెలో వచ్చిన పాత చీర, ఖాళీ పెట్టె – ఇవి వినని విక్రేత లేడు. దీనికి విరుగుడు కోపం కాదు, సాక్ష్యం.

పంపేటప్పుడు చీరను విప్పి రెండు చివరలు, అంచులు, పల్లు కనిపించేటట్లు చిత్రీకరించాలి. తూకం రాసుకోవాలి. పల్లు మూలకు దారంతో చీటీ కుట్టి, చీటీ తెంపకుండా ఉంటేనే ‘వాడనిది’గా పరిగణిస్తామని వర్ణనలోనే ప్రకటించాలి. తిరిగి వచ్చినప్పుడు పెట్టెను విప్పకముందే తూచాలి. చిరునామా చీటీ కనిపిస్తూ, ముద్ర కోయడం మొదలు చీర పూర్తిగా పరిచే వరకు ఎక్కడా ఆపకుండా వీడియో తీయాలి. మధ్యలో ఆపి మొదలుపెట్టిన వీడియోకు విలువ తక్కువ. ఫాల్ కుట్టి విప్పిన సూదిరంధ్రాలు, కుచ్చిళ్ల మడతలు, అత్తరు వాసన – ఇవి వాడకానికి గుర్తులు. వాసన వీడియోకు ఎక్కదు కాని రంధ్రాలు ఎక్కుతాయి. ఇవన్నీ విపణి పెట్టిన గడువులోపల దాఖలు చేయకపోతే సాక్ష్యం ఎంత బలమైనదైనా వృథా. విక్రేతలు ఓడిపోయే సందర్భాలలో గడువు మీరినందువలన ఓడినవి తక్కువేమీ కావు.

ఇంత జాగ్రత్త చెప్పిన తరువాత, అనుమానాన్ని అలవాటు చేసుకోవద్దని కూడా చెప్పవలసి ఉంది. మొదటి జవాబులోనే ‘వాడి పంపుతున్నారా?’ అన్న ధ్వని వినిపిస్తే, నిజాయితీ గల కొనుగోలుదారు శాశ్వతంగా దూరమవుతాడు. మోసగాడికి మాత్రం ఏ బాధా లేదు.

సొమ్ము నడిచే దారి

సొమ్ము ఏ దారిన వచ్చిందో ఆ దారినే తిరిగి వెళ్లాలి. ఇది వాపసులో కంఠస్థం చేయదగిన సూత్రం. విపణి ద్వారా చెల్లించిన కొనుగోలుదారు ఫోను చేసి, ‘ఆలస్యమవుతోంది, నా మరొక నంబరుకు పంపండి’ అంటే విక్రేత మొగమాటపడి పంపుతాడు. మరునాడు విపణి కూడా తన నియమం ప్రకారం వాపసు చేసి, ఆ మొత్తాన్ని విక్రేతకు రావలసినదానిలో తగ్గిస్తుంది. ఒకే చీరకు రెండుసార్లు సొమ్ము పోతుంది. ఫోను చేసినవాడు అసలు కొనుగోలుదారుడే కాకపోవచ్చు కూడా.

ఇదే మోసం ఎదురు దిశలో కొనుగోలుదారుకు జరుగుతోంది. వాపసు ఇస్తామంటూ పిలిచి రహస్య సంఖ్యలు అడిగేవారు ఉన్నారు. యు.పి.ఐ.లో సొమ్ము అందుకోవడానికి పిన్ కొట్టవలసిన పని లేదు. పిన్ అడిగారంటే సొమ్ము పోతున్నదని అర్థం. ‘వాపసు కొరకు మేము ఓ.టి.పి. గాని పిన్ గాని అడగము’ అన్న ఒక్క వాక్యం ప్రతి వాపసు సందేశంలో చేర్చడం విక్రేతకు ఖర్చు లేని ఉపకారం. మోసపోయినవారు 1930 నంబరుకు వెంటనే తెలియజేయాలి. ఆలస్యమైన కొద్దీ సొమ్ము చిక్కడం కష్టం.

వాపసు జరిగాక లెక్కల పుస్తకంలో అమ్మకాన్ని కొట్టివేసి ఊరుకుంటే చాలదు. జి.ఎస్.టి. నమోదు గల విక్రేత తిరిగి వచ్చిన సరుకుకు క్రెడిట్ నోటు రాయాలి. అప్పుడే ఆ అమ్మకంపై పన్ను బాధ్యత తగ్గుతుంది. అమ్మకం జరిగిన ఆర్థిక సంవత్సరం ముగిసిన తరువాత వచ్చే నవంబరు 30 లోపల అది వార్షిక లెక్కలకు ముందుగా చూపించాలి. విపణులు విక్రేత తరఫున మూలంలో వసూలు చేసే పన్ను 2024 జూలై 10 నుంచి అర శాతం. అది కూడా వాపసులు పోగా మిగిలిన నికర అమ్మకాలపైనే. కనుక నెలనెలా విపణి వారి పట్టికను తన పుస్తకంతో సరిచూసుకోని విక్రేత, రాని అమ్మకానికి పన్ను కట్టే ప్రమాదం ఉంది.

తగవు ముదిరితే

సంతృప్తి చెందని కొనుగోలుదారు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రాన్ని 1915 నంబరులో పిలవవచ్చు. తెలుగు, అస్సామీలతో సహా 17 భాషలలో అక్కడ మాట్లాడవచ్చు. అక్కడి నుంచి సందేశం వచ్చిందంటే శిక్ష పడినట్లు కాదు. రాజీకి అది చివరి సులభమైన మెట్టు. ఆ మెట్టు దగ్గర జవాబు చెప్పకుండా ఉండడమే పొరపాటు.

తరువాతిది జిల్లా వినియోగదారుల కమిషన్. 1986 చట్టం కింద సాధారణంగా విక్రేత ఉన్నచోటనో, వ్యవహారం జరిగినచోటనో దావా వేయవలసి ఉండేది. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదీ తాను నివసించే ఊరిలో, లేదా పనిచేసే ఊరిలో వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల వరకు ఉంటే రుసుము లేదు. రెండు సంవత్సరాల వరకు గడువు ఉంది. కొనుగోలుదారు దృష్టిలో ఇది గొప్ప సదుపాయం. పోచంపల్లి విక్రేత దృష్టిలో, గువాహటి నుంచి నోటీసు రావచ్చునని అర్థం. భయపడి దానిని విప్పకుండా పక్కన పెట్టేవారున్నారు. నోటీసు అందిన 30 రోజులలో సమాధానం దాఖలు చేయాలి. కమిషన్ అనుమతిస్తే మరొక 15 రోజులు. చేయకపోతే విక్రేత వాదన వినకుండానే తీర్పు రావచ్చు. ప్రయాణం తప్పనిసరి కాదు. వీడియో ద్వారా విచారణ జరపడానికి చట్టంలోనే వీలుంది. 2025 జనవరి 1న ప్రారంభమైన ఈ-జాగృతి వేదికపై ఫిర్యాదు, సమాధానం, పత్రాలు ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. ఉభయులు ఒప్పుకుంటే మధ్యవర్తిత్వానికి పంపే ఏర్పాటూ ఉంది. 48 గంటలలో రాసిన ఆ రెండు పంక్తులు, పార్సెలు విప్పిన వీడియో, బిల్లు – అక్కడ చెల్లుబాటయ్యేవి ఇవే.

నష్టం ఎవరి పద్దులో

చివరకు సొమ్ము వాపసు అయింది. ఆ నష్టం ఎవరి పద్దులో పడాలి? ఇది కొనుగోలుదారుకు కనిపించని ప్రశ్న. 2019–20 చేనేత గణన ప్రకారం దేశంలో నేత, అనుబంధ పనులలో ఉన్నవారు 35 లక్షలకు పైగా. వారిలో అధికులు స్త్రీలు. ఫిర్యాదు వచ్చిన ప్రతి చీరకూ నేతగాని కూలిలో కోత పెట్టడం చాలాచోట్ల సులభమైన అలవాటు. బేరంలో అందరికంటె బలహీనుడు అతడే కదా. కాని పెట్టె తడిసి మరకపడితే అది రవాణా సంస్థ నుంచి రాబట్టవలసినది. రంగు దిగితే అద్దకం దగ్గర అడగవలసినది. చిత్రంలో రంగు తేడాగా పడితే విక్రేత తన ఫోనును తప్పు పట్టవలసినదే. మగ్గం మీద పోగు తప్పిన చోట మాత్రమే నేతగానిని అడగవచ్చు, అదీ చీర అప్పగించిన రోజున విప్పి చూసి ఒప్పుకున్న తరువాత కాదు.

ఇందుకు ఒక సాదా నోటు పుస్తకం చాలు. తేదీ, చీర నంబరు, మగ్గం, అద్దకం వేసినవారు, ఫిర్యాదు ఆయన మాటలలోనే, అసలు కారణం, నష్టం ఎవరు భరించారు – ఈ ఏడు గళ్లు గీసుకుని ఆరు నెలలు నింపితే, ఒకే అద్దకం నుంచి వచ్చిన ఎరుపు మూడుసార్లు దిగిందని గాని, వర్షాకాలంలో ఒకే రవాణా సంస్థ పెట్టెలు తడుస్తున్నాయని గాని తేలుతుంది. అప్పుడు మార్చవలసినది ఎరుపునా, పెట్టెలో వేసే ప్లాస్టిక్ సంచినా అన్నది ఊహించనక్కరలేదు. ఆ పుస్తకాన్ని నెలకొకసారి నేతగాని ముందు కూడా తెరిచి చూపాలి. అతని పేరున్న గడిలో ఏమి రాశారో తెలుసుకోవలసినవారిలో అతడే మొదటివాడు.